పండుగ సంచిక: తెలుగు పత్రికలు, రచయితలు, ప్రాంతాలు

వారం వారమో నెల నెలకో వచ్చే పత్రిక, ఏడాదికోసారి పండుగ పేరు పెట్టుకుని పెద్ద పుస్తకమంత లావున వెలువడితే దాన్ని పండుగ సంచిక అంటారు. తెలుగులో ఈ ఆనవాయితీకి నూరేళ్లు దాటాయి. 1910లో ఆంధ్రపత్రిక తెచ్చిన సంవత్సరాది సంచికతో అది కుదురుకుంది. తర్వాత దీపావళికీ సంక్రాంతికీ పాకి, 1960ల నాటికి దాదాపు ప్రతి తెలుగు పత్రికకూ ఏటా తప్పని పని అయింది. రచయితలు తమ మంచి కథను ఈ సంచికల కోసం దాచుకునేవారు, పాఠకులు వాటిని బీరువాల్లో దాచుకునేవారు. ఇరవయ్యో శతాబ్దపు తెలుగువారు తమ గురించి తాము ఏమనుకున్నారో తెలియాలంటే ఈ సంచికలు తిరగేయాలి. ఎవరి పండుగ పుటలకెక్కింది, ఎవరి పలుకు అచ్చులో కనిపించింది, ఎవరి ఊరు తెలుగు ఊరికి నమూనా అయింది అన్న ప్రశ్నలకు జవాబులు వాటిలో ఉన్నాయి. ఎక్కనివాళ్ల జాడ కూడా, వెతికితే, వాటి అంచుల్లోనే దొరుకుతుంది.

పండుగకూ రాతకూ ఉన్న చుట్టరికం పత్రికలకంటే చాలా పాతది. మధ్యయుగపు తెలుగు శాసనాల్లో దానాలు ఎక్కువగా గ్రహణాలకూ ఉత్తరాయణ సంక్రాంతికీ ముడిపడి ఉంటాయి. పుణ్యకాలంలో ఇచ్చిన భూమి వివరం రాతి మీద చెక్కించడంతో ఆ రోజు తిథి వార నక్షత్రాలతో సహా నిలిచిపోయింది. కొండవీటి రెడ్డిరాజుల్లో కుమారగిరిరెడ్డికి కర్పూర వసంతరాయలన్న బిరుదు వసంతోత్సవాల వల్లనే వచ్చింది. శ్రీకృష్ణదేవరాయలు సంస్కృతంలో రాసిన జాంబవతీ కల్యాణం నాటకం విరూపాక్షుని వసంతోత్సవంలో ప్రదర్శించడానికి రాసినదే. విజయనగరపు మహానవమి వేడుకను పోర్చుగీసు యాత్రికులు పాయెస్, నూనిజ్ తమ రాతల్లో వివరంగా వర్ణించారు. రాజ్యాలు పోయాక ఆ బాధ్యతను సంస్థానాలు కొంతవరకు మోశాయి. ఏటేటా పండితులను పిలిచి సత్కరించిన గద్వాలకు విద్వద్గద్వాల అన్న పేరు నిలిచింది.

సామాన్యుల ఇళ్లలో ఈ చుట్టరికం వేరే తీరుగా ఉండేది. ఉగాది నాడు గుడిలోనో రచ్చబండ దగ్గరో పురోహితుడు పంచాంగం చదివితే ఊరంతా కూర్చుని వానలెన్ని, పంటలెట్లా, ఆదాయ వ్యయాలెంత అని వినేది. అచ్చు యంత్రాలు వచ్చాక చాలా ఇళ్లకు చేరిన మొదటి అచ్చు పుస్తకం పంచాంగమే అయి ఉండవచ్చు. మరే పుస్తకమూ లేని ఇంట్లో కూడా అది చూరుకు వేలాడేది. దసరాకు పుస్తకాలను సరస్వతి ముందు పూజకు పెట్టేవారు. కోస్తా ఊళ్లలో వీధిబడి పంతులు పిల్లలను వెంటబెట్టుకుని, వాళ్ల చేత పూల విల్లంబులు పట్టించి, ఇల్లిల్లూ తిరిగి పద్యాలు పాడించేవాడు. పంతులుకు దక్షిణ, పిల్లలకు పప్పుబెల్లాలు దక్కేవి. ఏడాది పొడుగునా చెప్పిన చదువుకు ఆ పండుగ నాటి రాబడి పంతులుకు పెద్ద ఆసరా. చదువుకు ప్రతిఫలం పండుగ రోజున చేతికందడం అన్న ఈ అలవాటును తర్వాత పత్రికలు తమ పద్ధతిలో కొనసాగించాయి.

ఆంధ్రపత్రిక పుట్టింది తెలుగునేల మీద కాదు, బొంబాయిలో. కృష్ణా జిల్లా ఎలకుర్రులో 1867లో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు వ్యాపారం కోసం ఆ నగరం చేరి, 1893లో అమృతాంజనం తయారీ మొదలుపెట్టారు. తలనొప్పి మందు మీద వచ్చిన డబ్బు ఆ తర్వాత తెలుగు అచ్చుకు పెట్టుబడి అయింది. 1907 సూరత్ కాంగ్రెస్ సభకు వెళ్లి వచ్చాక తెలుగులో జాతీయ పత్రిక ఉండాలన్న తలంపు ఆయనలో గట్టిపడిందని చెబుతారు. 1908 సెప్టెంబరు 9న ఆంధ్రపత్రిక వారపత్రికగా వెలువడింది. మిల్లుల్లోనూ కట్టడపు పనుల్లోనూ చెమటోడ్చే తెలుగువారు అప్పటికే బొంబాయిలో వేలల్లో ఉన్నారు. అయినా పత్రిక చూపు అంతా మద్రాసు రాష్ట్రంలోని తెలుగు జిల్లాల మీదే. దూరాన ఉండి సొంత నేలను తలచుకునే మనిషికి పండుగ మరింత గాఢంగా గుర్తొస్తుంది. సంవత్సరాది సంచిక ఆలోచన బొంబాయిలో పుట్టడానికి ఆ దూరం కూడా ఒక కారణమేమో.

మరొక సంగతి కూడా గమనించదగ్గది. అదే నగరంలో 1909లో కాశీనాథ్ రఘునాథ్ మిత్ర తన మనోరంజన్ మాసపత్రికకు దీపావళి సంచిక తెచ్చారు. మరాఠీలో నేటికీ వందల సంఖ్యలో వచ్చే దివాళీ అంకాలకు అదే ఆది అంటారు. మరుసటి ఏడాది, సాధారణ నామ సంవత్సరపు ఉగాదికి, ఆంధ్రపత్రిక సంవత్సరాది సంచిక వచ్చింది. ఒకటి చూసి ఒకటి పుట్టిందని చెప్పలేకపోయినా, ఆ కాలపు బొంబాయి అచ్చు ప్రపంచంలో పండుగకు పుస్తకం తేవడమన్న ఊహ గాలిలో ఉందని మాత్రం చెప్పవచ్చు. మరాఠీవారు దీపావళిని ఎంచుకుంటే, నాగేశ్వరరావు ఎంచుకున్నది తెలుగువారి ఏడాది మొదలయ్యే రోజును. ప్రభుత్వ కచేరీల్లో జనవరి, బడుల్లో జూన్, పద్దుల్లో ఏప్రిల్ ఏడాదికి మొదలవుతున్న కాలంలో, చైత్ర శుద్ధ పాడ్యమిని పట్టుకుని అట్ట మీద సంవత్సరం పేరు అచ్చువేయడం ఒక ప్రకటన లాంటిదే.

ఈ పేర్ల వల్ల పరిశోధకులకు పని పెరిగింది. ఉగాది నుంచి ఉగాది వరకు లెక్క కాబట్టి ప్రతి సంచికకూ రెండు ఇంగ్లీషు సంవత్సరాలు తగులుతాయి. సాధారణ అంటే 1910-11. పైగా అరవై ఏళ్లకోసారి పేర్లు తిరిగి వస్తాయి. ప్రభవ అన్నంత మాత్రాన అది 1927 నాటిదో 1987 నాటిదో తెలియదు. గ్రంథాలయాల జాబితాల్లో ఒకే సంచిక రెండు సంవత్సరాల కింద కనిపించడానికి ఇదే కారణం.

తొలి దశాబ్దాల సంవత్సరాది సంచికలు వినోదానికి తెచ్చినవి కావు. దేశచరిత్ర, శాసనాలు, ప్రాచీన కవులు, విజ్ఞానశాస్త్రం, పరిశ్రమలు, వ్యవసాయం, స్త్రీ విద్య వంటి విషయాల మీద పెద్ద వ్యాసాలు వాటికి వెన్నెముక. పద్యాలూ కథలూ ఉండేవి, రంగుల చిత్రాలూ ఉండేవి, కానీ బరువంతా వ్యాసం మీదే. దానికి కాలమూ కలిసివచ్చింది. కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతుల విజ్ఞానచంద్రికా మండలి 1906లో హైదరాబాదులో పుట్టి చరిత్ర, శాస్త్ర గ్రంథాలను తెలుగులో అచ్చువేస్తోంది. చిలుకూరి వీరభద్రరావు ఆంధ్రుల చరిత్రము మొదటి భాగం వెలువడింది సరిగ్గా 1910లో. ఆంధ్ర సాహిత్య పరిషత్తు 1911లో ఏర్పడింది. తెలుగువారికి ఒక గతం ఉంది, దాన్ని తవ్వి తీయాలి, ఏటా ఎంత తవ్వామో లెక్క చెప్పుకోవాలి అన్న పట్టుదల ఆ తరానిది. ఉగాది సంచిక ఆ లెక్క చెప్పే చోటు అయింది. ఏడాది మొదట్లోనే, వచ్చే ఉగాదికి ఇంత పరిశోధన పూర్తి చేయాలని గడువు పెట్టుకున్న పండితులు ఎందరో.

1914 ఏప్రిల్ 1న, ఆనంద నామ సంవత్సరపు ఉగాది వెళ్లిన కొద్ది రోజులకే, ఆంధ్రపత్రిక మద్రాసు నుంచి దినపత్రికగా మొదలైంది. అంతకు ముందు ఏడాది మే నెలలో బాపట్లలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగి, తెలుగు జిల్లాలకు వేరే రాష్ట్రం కావాలన్న మాట సభల్లోకి ఎక్కింది. అప్పటి నుంచి సంవత్సరాది సంచిక ఆ కోరికకు ఏటేటా వచ్చే దస్తావేజు అయింది. శాతవాహనుల నుంచి విజయనగరం దాకా వ్యాసాలు, అమరావతి శిల్పాల బొమ్మలు, ఓరుగల్లు తోరణాలు, అన్నీ కలిసి తెలుగునేల ఒకటే అని చెప్పేవి. మరి అచ్చులో ఒకటైన ఆ నేల, పాలనలో మద్రాసు రాష్ట్రానికీ నిజాం రాజ్యానికీ మధ్య చీలి ఉంది. కొంత భాగం మైసూరులో, ఒడిశా సరిహద్దుల్లో ఉంది. 1924 జనవరిలో నాగేశ్వరరావే భారతి సాహిత్య మాసపత్రికను ప్రారంభించాక, పరిశోధన వ్యాసాలకు ఏడాది పొడుగునా చోటు దొరికింది. క్రమంగా సంవత్సరాది సంచికలో కథకూ కవిత్వానికీ చిత్రానికీ వాటా పెరిగింది.

అటువంటి సంచిక తయారు కావాలంటే చేతిపని ఎంత ఉండేదో ఈ తరానికి ఊహకందదు. గుణింతాలూ వత్తులూ కలిసి తెలుగు టైపు కేసులో అరలు వందల్లో ఉండేవి. కంపోజిటరు ఒక్కో అక్షరాన్నీ ఏరి, వరస పేర్చి, ఫారం కట్టి, ప్రూఫు లాగి, దిద్దిన తర్వాత అచ్చుకెక్కించాలి. ఒక ఫారం అచ్చయ్యాక ఆ అక్షరాలను విడదీసి మళ్లీ అరల్లో వేస్తే గానీ తర్వాతి ఫారానికి టైపు చాలదు. బొమ్మలకు బ్లాకులు వేరే చేయించాలి. రంగుల బొమ్మకు ఒక్కో రంగుకూ ఒక్కో బ్లాకు, ఒక్కో రంగుకూ ఒక్కోసారి అచ్చు. కాగితం జరిగితే ముఖం ఒకచోట, తిలకం ఒకచోట పడేవి. అందుకే ఉగాది సంచికకు రచనలు మాఘమాసానికే అందాలి. పైగా ఉగాది, దీపావళి చాంద్రమానం ప్రకారం ముందుకూ వెనక్కూ జరుగుతాయి. సూర్యుణ్ణి పట్టుకుని నడిచే సంక్రాంతి ఒక్కటే జనవరి నడుమ స్థిరంగా ఉంటుంది. పండుగ దాటాక వచ్చిన సంచికను కొనేవారుండరు కాబట్టి, పత్రికా కార్యాలయాల్లో పంచాంగం చూడటం భక్తి కోసమే కాదు.

ఖర్చు చందాలతో తీరేది కాదు, ప్రకటనలతో తీరేది. ఈ విషయంలో మందుల వ్యాపారం తెలుగు సాహిత్యానికి చేసిన మేలు గొప్పది. ఆంధ్రపత్రికకు అమృతాంజనం ఎలాగో, మద్రాసులో 1928లో మొదలైన గృహలక్ష్మి మాసపత్రికకు డాక్టర్ కేసరి లోధ్ర అలాగ. స్త్రీలు చదివే, స్త్రీలు రాసే పత్రికగా గృహలక్ష్మి వ్రతాలూ పండుగలూ వంటకాలతో పాటు కథలకూ కవితలకూ చోటిచ్చింది. కేసరి ఏర్పాటు చేసిన స్వర్ణకంకణం రచయిత్రులకు ఆ రోజుల్లో పెద్ద గౌరవం.

తెలుగునేల ఒకటే అని ఉగాది సంచికలు చెబుతుండగా, ఆ మాట వినబడినంత సులువుగా అనుభవంలోకి రాని ప్రాంతాలున్నాయి. నిజాం రాజ్యంలో రాజభాష ఉర్దూ. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధన ఉర్దూలో. 1921లో హైదరాబాదు సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే ఎగతాళి చేసి ఆపించారు. ఆ అవమానం నుంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. అటువంటి చోట సురవరం ప్రతాపరెడ్డి 1926 మే నెలలో గోలకొండ పత్రిక ప్రారంభించారు. వారానికి రెండుసార్లు వచ్చే ఆ పత్రిక, తెలంగాణలో తెలుగు రాయగలవాళ్లకూ చదవగలవాళ్లకూ కూడలి అయింది.

నిజాం రాజ్యంలో తెలుగు కవులు లేరన్న అర్థం వచ్చేలా ఒకరు చేసిన వ్యాఖ్య ప్రతాపరెడ్డిని కదిలించింది. ఆయన వాదానికి దిగలేదు. ఊరూరికీ ఉత్తరాలు రాశారు, తెలిసినవాళ్లను పంపారు, కవుల వివరాలూ పద్యాలూ తెప్పించారు. 1934లో గోలకొండ కవుల సంచిక వెలువడింది, 354 మంది కవులతో. తెలుగు పత్రికల చరిత్రలో ప్రత్యేక సంచికలు లెక్కలేనన్ని ఉన్నా, దీనికి సాటి వచ్చేది మరొకటి లేదు. ఇది పండుగకు వచ్చిన సంచిక కాదు. కానీ సంవత్సరాది సంచికలు ప్రచారంలోకి తెచ్చిన రూపాన్నే, అంటే ఒక జాతి తన సంపదను ఒక పుస్తకంలో పరచి చూపే పద్ధతినే, ఒక ప్రాంతం తన ఉనికి చాటుకోవడానికి వాడుకుంది. ప్రతాపరెడ్డి దృష్టిలో పండుగ కూడా చరిత్రకు ఆధారమే. హిందువుల పండుగలు అన్న పుస్తకం విడిగా రాశారు. 1955లో తెలుగుకు తొలి సాహిత్య అకాడమీ బహుమతి పొందిన ఆంధ్రుల సాంఘిక చరిత్రలో కూడా రాజుల యుద్ధాలను పక్కనపెట్టి, జనం ఏం తిన్నారు, ఏం కట్టారు, ఏ ఆటలాడారు, ఏ పండుగలు చేసుకున్నారు అన్నదే రాశారు.

దక్షిణాన మరో ప్రాంతం దాదాపు అదే కాలంలో తన పేరు తాను పెట్టుకుంది. బ్రిటిషువారి కాలం నుంచి దత్తమండలాలని పిలిపించుకున్న జిల్లాలకు 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు రాయలసీమ అన్న పేరు సూచించారు. కోస్తావారి పెత్తనం కింద తమకు న్యాయం జరగదన్న సీమ నాయకుల భయాన్ని తీర్చడానికి 1937 నవంబరు 16న కుదిరిన ఒప్పందానికి శ్రీబాగ్ అన్న పేరు మద్రాసులో నాగేశ్వరరావు ఇంటి పేరు మీదుగా వచ్చింది. తెలుగువారంతా ఒకటని ఇరవై ఏడేళ్లుగా ఉగాదికి ఉగాదికి అచ్చువేస్తూ వచ్చిన మనిషి ఇంట్లోనే, ఆ ఐక్యతకు షరతులు రాసుకోవలసి రావడం ఆ చరిత్రలో ముఖ్యమైన ఘట్టం. నీళ్లు, విశ్వవిద్యాలయం, రాజధాని, హైకోర్టు గురించిన ఆ షరతులు నేటి వాదాల్లోనూ ప్రస్తావనకు వస్తున్నాయి. మరుసటి ఏప్రిల్‌లో నాగేశ్వరరావు కన్నుమూశారు. పత్రిక బాధ్యత ఆయన అల్లుడు శివలెంక శంభుప్రసాద్ చేతికి వచ్చింది.

1938 ఆగస్టు 15న ఆంధ్రప్రభ మద్రాసులో మొదలైంది. అదే ఏడాది జూన్‌లో మద్రాసు ఆకాశవాణి ప్రసారాలు ప్రారంభమయ్యాయి. 1948 డిసెంబరులో విజయవాడ కేంద్రం వచ్చాక ఉగాది కవిసమ్మేళనం రేడియోలో స్థిరపడింది. కొత్త సంవత్సరం పేరు మీద కవులు వరసగా పద్యమో గేయమో చదివే ఆ కార్యక్రమం, పంచాంగ శ్రవణం పక్కనే మరో శ్రవణంగా ఇళ్లలోకి చేరింది. దాని కోసం ఏటా ఒక కవిత రాయడం చాలామంది కవులకు నియమమైంది. అలా పుట్టిన కవితల్లో చాలా భాగం కోయిల, మావిచిగురు, వేపపూత చుట్టే తిరిగాయన్నది నిజం. పండుగ ఇచ్చే గడువు కవిని కూర్చోబెట్టి రాయిస్తుంది, కానీ ఏం రాయాలో కూడా అదే నిర్ణయిస్తే కవిత్వానికి నష్టం.

రెండో ప్రపంచయుద్ధపు కాగితం కరువు తీరి, 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక పత్రికల పాఠకులు ఒక్కసారిగా పెరిగారు. అచ్చు మద్రాసు నుంచి తెలుగునేలకు తరలింది. 1960 జులైలో విజయవాడలో ఆంధ్రజ్యోతి పుట్టింది. వారపత్రికల మధ్య పోటీలో పండుగ సంచిక రూపం మారింది. పరిశోధన వ్యాసం వెనక్కి తగ్గి కథ ముందుకొచ్చింది. ఉగాది ఒక్కటే ఉన్న చోట దీపావళి, సంక్రాంతి చేరాయి. దీపావళికి కొత్త బట్టలు, తలనూనెలు, టపాకాయలు అమ్మే వ్యాపారులు ప్రకటనలు ఇస్తారు, అందుకే ఆ సంచికలు అన్నిటికంటే లావెక్కాయి. వాటిలో యువ దీపావళి సంచికను పాత పాఠకులు ప్రత్యేకంగా తలచుకుంటారు. చందమామను నడిపిన చక్రపాణే యువనూ నడిపారు. శరత్ నవలలను బెంగాలీ నుంచి తెలుగు చేసిన ఆయనకు, పూజల వేళ పత్రికలు బరువైన శారదీయ సంచికలు తెచ్చే బెంగాలీ సాహిత్య లోకంతో దగ్గరి పరిచయం ఉంది. వడ్డాది పాపయ్య రంగుల బొమ్మలు యువ పుటల్లో తెలుగు నెలలకూ ఋతువులకూ ముఖాలు కల్పించాయి. ఆంధ్రపత్రిక వారపత్రికతో ఎదిగిన బాపు గీత, ముళ్లపూడి వెంకటరమణ రాత, జ్యోతి మాసపత్రికతో సహా ఎన్నో సంచికలకు పండుగ కళ తెచ్చాయి.

ఈ సంచికలూ వాటితో పాటు ప్రకటించే పోటీలూ రచయితల లక్ష్యాలను మార్చాయి. అంతకు ముందు రాయాలనుకునే మనిషికి గురువో సంస్థానమో సాహిత్య సంఘమో కావాలి. ఇప్పుడు తపాలా బిళ్ల అంటించిన కవరు చాలు. గృహిణులు, పల్లెటూరి బడిపంతుళ్లు, గుమాస్తాలు రచయితలయ్యారు. ఆంధ్రప్రభ వారపత్రిక నవలల పోటీలో నెగ్గిన కోడూరి కౌసల్యాదేవి చక్రభ్రమణం 1964లో డాక్టర్ చక్రవర్తి సినిమాగా వచ్చింది. స్త్రీల నవలలకు దశాబ్దంన్నర పాటు సాగిన ఆదరణలో వారపత్రికల పాత్ర ఎంత ఉందో సాహిత్య చరిత్రలు ఒప్పుకోవలసినంతగా ఇంకా ఒప్పుకోలేదు. గంభీర సాహిత్యం కూడా ఈ పుటల్లోనే వచ్చింది. శ్రీకాకుళం పల్లెలో అప్పు తీర్చలేని మనిషి కథగా మొదలై, ఊరి అభివృద్ధి ఎవరి కోసమని నిలదీసిన కాళీపట్నం రామారావు యజ్ఞం 1966లో యువలో అచ్చయింది. ఆ కథ మీద జరిగినంత చర్చ తెలుగులో మరే కథ మీదా జరగలేదు.

భాష కూడా ఈ సంచికల్లోనే మారింది. తొలినాటి సంవత్సరాది సంచికల భాష గ్రాంథికం. 1910ల్లో గిడుగు రామమూర్తి వాడుకభాష కోసం పోరాడుతుంటే, ఎదుటి పక్షపు పండితులు చాలామంది ఈ సంచికల్లో రాసేవారే. 1930ల్లో తాపీ ధర్మారావు జనవాణిలో వాడుకభాషను పత్రికకెక్కించారు, ఆ తర్వాత నార్ల వెంకటేశ్వరరావు తరం దాన్ని స్థిరపరిచింది. అయితే అలా స్థిరపడిన వాడుకభాష అంతటి వాడుకా కాదు. పత్రికలు మద్రాసులో, బందరులో, చివరికి విజయవాడలో ఉండటం వల్ల, అచ్చుకెక్కింది కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల చదువుకున్నవారి పలుకు. మిగతా చోట్ల పలుకు కథలో పాలేరు మాటగానో హాస్యపాత్ర మాటగానో మిగిలింది.

పండుగకూ అదే జరిగింది. సంక్రాంతి సంచిక అట్ట మీద ముగ్గు, గొబ్బెమ్మ, హరిదాసు, గంగిరెద్దు, వెనక కొబ్బరిచెట్లు, నిండిన గాదె కనిపిస్తాయి. అది డెల్టా పల్లె సంక్రాంతి, కాలువ నీళ్ల కింద రెండు పంటలు పండే ఊరి సంక్రాంతి. తెలంగాణలో ఏటి పండుగ దసరా. జమ్మి ఆకును బంగారమని చేతుల్లో పెట్టి పెద్దల కాళ్లకు మొక్కుతారు, దానికి ముందు తొమ్మిది రోజులు తంగేడు, గునుగు పూలతో బతుకమ్మ పేరుస్తారు. సంక్రాంతికి కోస్తాలో అరిసెలు వండితే అక్కడ సకినాలు చుడతారు. విజయనగరంలో దసరా తర్వాత పైడితల్లి సిరిమానోత్సవానికి చుట్టుపక్కల జిల్లాలు కదిలివస్తాయి. దేవుని కడపలో ఉగాది నాడు ముస్లింలు వేంకటేశ్వరుడి గుడికి వస్తారు, ఆయన దేవేరిగా చెప్పుకునే బీబీ నాంచారి తమ ఇంటి ఆడబిడ్డ కనుక. తెలంగాణ, రాయలసీమ పల్లెల్లో పీర్ల పండుగ హిందూ ముస్లింల ఉమ్మడి పండుగ. ఏ పెద్ద పత్రికా పీర్ల పండుగకు ప్రత్యేక సంచిక తేవడం ఆనవాయితీ చేసుకోలేదు. కడప ఉగాది సంగతి మామూలు ఉగాది సంచికలో ఎంత సహజంగా ఒదిగేదో ఆలోచిస్తే, ఆ ఖాళీ ఎంత పెద్దదో తెలుస్తుంది.

ఈ పద్ధతి మీద మొదటి పెద్ద తిరుగుబాటు 1965లో హైదరాబాదు నుంచి వచ్చింది. నగ్నముని, నిఖిలేశ్వర్, జ్వాలాముఖి, చెరబండరాజు, భైరవయ్య, మహాస్వప్న అన్న మారుపేర్లతో ఆరుగురు దిగంబర కవులుగా ముందుకొచ్చి, ప్రభవ విభవలను తోసిపుచ్చి నగ్ననామ సంవత్సరం ప్రకటించారు. వారాలకూ ఋతువులకూ కొత్త పేర్లు పెట్టుకున్నారు. ఉగాది కవిత్వపు మావిచిగుళ్ల మీద ఇంతకంటే సూటి దెబ్బ ఉండదు. తర్వాతి దశాబ్దాల్లో ప్రాంతాలూ సమూహాలూ తమ సంకలనాలు తామే వేసుకున్నాయి. సింగమనేని నారాయణ సీమ కథలను కూర్చారు. దళిత కవుల చిక్కనవుతున్న పాట 1995లో, ముస్లిం కవుల జల్జలా 1998లో వచ్చాయి. ముదిగంటి సుజాతారెడ్డి, సంగిశెట్టి శ్రీనివాస్ వంటివారు పాత పత్రికలు తిరగేసి తెలంగాణ తొలినాటి కథలను వెలికితీశారు. గోలకొండ కవుల సంచిక వేసిన దారి అది. 2011లో మొదలైన నమస్తే తెలంగాణ దినపత్రిక తన ఆదివారం అనుబంధానికి బతుకమ్మ అని పేరు పెట్టింది. 2014లో తెలంగాణ రాష్ట్రం ఏర్పడ్డాక బతుకమ్మ రాష్ట్ర పండుగ అయింది.

పెద్ద పండుగ సంచికల కాలం అప్పటికే వెళ్లిపోయింది. 1977లో హైదరాబాదు దూరదర్శన్ వచ్చింది, 1980ల చివరికి వారపత్రికల అమ్మకాలు తగ్గసాగాయి. 1991లో ఆంధ్రపత్రిక మూతపడింది, భారతి కూడా ఆగిపోయింది. పండుగ నాటి సాహిత్యం దినపత్రికల ఆదివారం అనుబంధాల్లోకీ, ఆ తర్వాత అంతర్జాల పత్రికల్లోకీ మళ్లింది. బొంబాయిలో కూర్చుని ఉగాదికి సంచిక తెచ్చిన పని ఇప్పుడు ఇంకా దూరాన సాగుతోంది: అమెరికాలో వంగూరి ఫౌండేషన్ ఏటా ఉగాదికి కథల, కవితల పోటీలు నిర్వహిస్తోంది. వాటికి ప్రవాసుల నుంచీ, తెలుగు రాష్ట్రాల నుంచీ రచనలు వెళ్తాయి.

పాత సంచికలు చాలా ఇళ్లలో చెదలపాలయ్యాయి. మిగిలినవి కొన్ని చోట్ల భద్రంగా ఉన్నాయి. 1918లో స్థాపించిన వేటపాలెం సారస్వత నికేతనంలో తొలినాటి పత్రికల దొంతరలు ఉన్నాయి. కాళీపట్నం రామారావు 1997లో శ్రీకాకుళంలో నెలకొల్పిన కథానిలయం, పత్రికల్లో అచ్చయిన ప్రతి తెలుగు కథనూ చేర్చాలన్న పట్టుదలతో ప్రత్యేక సంచికలను వెతికి తెచ్చింది. ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ ఆంధ్రపత్రిక వంటి పాత పత్రికలను డిజిటల్ రూపంలోకి మార్చింది. ఇవి చదివేవారు వ్యాసాలూ కథలతో పాటు ప్రకటనల పుటలను కూడా విడవకుండా చూడాలి. ఏ ఊరి చీరల కొట్టు, ఏ ఊరి మందుల కంపెనీ ప్రకటన ఇచ్చిందో చూస్తే ఆ సంచిక ఎంతదూరం చేరిందో, ఎవరి డబ్బుతో నడిచిందో తెలుస్తుంది. చాలా సంపుటాల్లో బైండింగు చేసేటప్పుడు ఆ పుటలనే తీసేశారు.